పెట్రోలుకు డీజిలు ఆదేశం

ఈ పుటలో ఇదివరకు ఛందస్సు గురించీ, అరసున్న గురించీ, మా ఊరి భాగవతుల గురించీ రాసిన మనిషి ఉన్నట్టుండి ట్రాక్టరు ఇంజను గురించి రాయబూనడమేమిటని మిత్రులు విస్తుపోవచ్చు. నిజానికి నేను రాయబోయేది వ్యాకరణమే. కాకపోతే ఉదాహరణలు ఇనుపవి.

ఆగమమనీ ఆదేశమనీ మనమందరం బడిలో చదువుకున్న రెండు మాటలున్నాయి. ఆగమం వచ్చినప్పుడు ఎవరూ పీట ఖాళీ చెయ్యనక్కరలేదు. ‘మా’ పక్కన ‘అమ్మ’ నిలబడితే, ఆ రెండచ్చులకూ సంధి పొసగకపోతే, యకారం వచ్చి నడుమ కూర్చుని ‘మాయమ్మ’ అనిపిస్తుంది. ఆదేశం అలా కాదు. అది వచ్చిందంటే ఉన్నది పోవలసిందే. ‘వాడు’ తరువాత ‘కొట్టె’ వస్తే కకారం లేచిపోతుంది, దాని పీట మీద గకారం కూర్చుంటుంది. ఆగమం చుట్టంలా వస్తుంది, ఆదేశం పగవాడిలా వస్తుంది అని మాకు భాషాప్రవీణలో పాఠం చెప్పిన గురువులు అంటూ ఉండేవారు. ముప్ఫై నాలుగేళ్లు ఏటేటా గసడదవాదేశాన్ని నల్లబల్ల మీద రాసి చెప్పాను. దాన్ని కళ్లారా చూసింది మాత్రం పదవీ విరమణ తరువాతనే, 2023 వసంతంలో, అమెరికాలో ఒక చెక్క కొట్టం నేల మీద.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంకస్టర్ కౌంటీ అంచున మా అమ్మాయి కాపురం. వాళ్ల పెరటి కంచె దాటితే ముప్ఫై ఎకరాల గడ్డిభూమి, దాని కొసన ఎర్రరంగు వేసిన పెద్ద కొట్టం. ఆ భూమి గల ఆసామికి అప్పటికి డెబ్బయ్యారేళ్లు. ఆయన పండించేది పశుగ్రాసం. కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి, గుర్రాలూ పశువులూ ఉన్నవారికి అమ్ముకుంటారు. నా ఉదయపు నడకలో కంచె దగ్గర పలకరింపు మొదలైంది. తాతయ్య బడిపంతులని మా మనవడు చెప్పిన నాటినుంచి ఆయన నన్ను ‘టీచర్’ అనే పిలిచేవారు. నాది పుస్తకాల ఆంగ్లం, ఆయనది సగం అక్షరాలు మింగే పల్లె ఆంగ్లం. నడుమ పదేళ్ల మనవడు యడాగమం.

ఆ ప్రాంతం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. అక్కడ ఆమిష్ అనే క్రైస్తవ శాఖవారు వేల సంఖ్యలో ఉన్నారు. పొలంలో ట్రాక్టరు తోలరు, గుర్రాలనే కడతారు. అయితే గడ్డికట్టలు కట్టే యంత్రాన్ని గుర్రాలు లాగుతుంటే, ఆ యంత్రం మీద బిగించిన ఇంజను కట్టలు కడుతూ పోతుంది! ఇంజను పని చెయ్యవచ్చును గాని బండిని లాగరాదు. ఈ ధర్మసూక్ష్మం ముందు మన స్మృతికర్తలు కూడా తలవంచవలసిందే. ఇంజన్ల మరమ్మతులో మాత్రం వారిలో చెయ్యి తిరిగినవారున్నారు. మా పొరుగాయనకు ఈ పని నడిపించిపెట్టింది అటువంటి ఒక ఆమిష్ మెకానిక్కే. గడ్డం, గడ్డిటోపీ, చేతిలో పానా. మాట తక్కువ.

ఆ ట్రాక్టరు మాస్సీ ఫెర్గూసన్ 35. 1960ల తొలినాళ్లలో ఆయన తండ్రి కొన్నది. ‘గ్యాస్ ట్రాక్టర్’ అన్నారు. మనకు గ్యాసంటే వంటింటి సిలిండరు గుర్తుకు వస్తుంది. అక్కడివారు గ్యాసొలీన్ అనే మాటకు తోక తెంచి పెట్రోలునే గ్యాస్ అంటారు. పెట్రోలు తాగే ట్రాక్టరా అని ఆశ్చర్యమేసింది, ఎందుకంటే నేనెరిగినవన్నీ డీజిలువే. అమెరికాలో మాత్రం చాలాకాలం పొలాల్లో పెట్రోలు బండ్లదే రాజ్యం. పెట్రోలు చవక, పైగా చలిలో సులువుగా రాజుకుంటుంది.

కాని నా కాళ్లను అక్కడ కట్టేసింది పెట్రోలు కాదు. ఆ ఎర్రటి బానెట్టు, దానికింద బూడిదరంగు ఒళ్లు. మా తమ్ముడి ట్రాక్టరు మాస్సీ 1035. కంచె అవతల ఉన్నది దానికి పెదనాన్న వరస!

ఆ వంశవృక్షం క్లుప్తంగా చెబుతాను. ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ అనే ఆయన నాగలిని ట్రాక్టరు వెనక మూడుచోట్ల పట్టి నిలిపి, హైడ్రాలిక్ బలంతో ఎత్తి దించే ఏర్పాటు కనిపెట్టాడు. ఈనాడు మన పల్లెల్లో తిరిగే ప్రతి ట్రాక్టరు వెనకా ఉన్న ఆ మూడు చేతులు ఆయన చలవే. 1938లో హెన్రీ ఫోర్డుతో కాగితం లేకుండా, చేతిలో చెయ్యి వేసి ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడు ఫోర్డ్ 9ఎన్ అనే ట్రాక్టరు వచ్చింది. ఫోర్డు మనవడి హయాంలో ఆ చేతిమాట చెల్లలేదు, వ్యవహారం న్యాయస్థానానికెక్కింది, 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. 1953లో ఫెర్గూసన్ వ్యాపారం మాస్సీ హ్యారిస్ కంపెనీలో కలిసింది. ఆ కలిసిన కంపెనీ 1959లో ఇంగ్లండులోని పెర్కిన్స్ ఇంజన్ల కంపెనీని కొన్నది. ఇటు మద్రాసులో సింప్సన్ వారు 1950లలోనే పెర్కిన్స్ ఇంజన్లు తయారుచెయ్యసాగారు. 1960లో వెలసిన టాఫే కంపెనీ మాస్సీ ట్రాక్టర్లు మన దేశంలో చేసినప్పుడు వాటిలో కూర్చున్నవి ఆ సింప్సన్ ఇంజన్లే. కనుక డెట్రాయిట్‌కూ మా కృష్ణా డెల్టాకూ నడుమ పుట్టింటి దారి ఒకటున్నదన్నమాట.

35 నమూనాలో కంపెనీవారే రెండు రకాలు చేశారు. పెట్రోలు రకానికి కాంటినెంటల్ వారి నాలుగు సిలిండర్ల ఇంజను. డీజిలు రకానికి మొదట స్టాండర్డ్ కంపెనీవారి నాలుగు సిలిండర్లది పెట్టారు, అది చలి ఉదయాల్లో మొరాయించి చెడ్డపేరు తెచ్చుకున్నది. ఆ తరువాత పెట్టినది పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజను. దానికి వచ్చిన పేరు నేటికీ చెక్కుచెదరలేదు.

2022 క్రిస్మసు ముందర అమెరికా తూర్పు భాగాన్ని ఒక గడ్డుచలి ఊపేసింది. రేడియేటరు నీటిలో కలిపే చలిమందు పలచబడి ఉండడంతో పొరుగాయన ట్రాక్టరులో నీరు గడ్డకట్టింది. గడ్డకట్టే నీటికి చోటు చాలదు గదా, పోత ఇనుప బ్లాకు నిలువునా పగిలింది. పోత ఇనుమును అతకవచ్చు గాని అతుకు నమ్మదగినది కాదు. అదే పెట్రోలు ఇంజను మరొకటి వెతికి తెచ్చుకోవచ్చు. అది సులభమార్గం. ఆయన మాత్రం డీజిలు పెడతానన్నారు.

ఎందుకని అడిగాను. గడ్డికట్టలు కట్టే యంత్రాన్ని వెనక తగిలించి మెరక ఎక్కేటప్పుడు పెట్రోలు ఇంజను ఊపిరి వదిలేస్తుందట. డీజిలు అలా కాదు, వేగం తగ్గినా పట్టు వదలదు. అది నాకు తెలుసు. దమ్ము చేసేటప్పుడు కేజీవీల్సు మోకాటిలోతు బురదలో దిగబడినా మా తమ్ముడి బండి గొణుక్కుంటూ పైకి రావడం ఎన్నిసార్లు చూడలేదు! ఇక ఖర్చు సంగతి. పెట్రోలు ఇంజను గంటకు ఏడున్నర లీటర్లు తాగేదట, డీజిలుది అయిదుకు మించదట. ఏడాదికి నూరు గంటల పని. మిగిలేది 240 డాలర్ల దాకా. మార్పిడికి అయ్యేది, అన్నీ కలిపి, 2800 డాలర్లు. మనవడు వేళ్ల మీద లెక్కగట్టి, “పన్నెండేళ్లకు తీరుతుంది తాతా” అన్నాడు. ఆయన నవ్వి, “అప్పటికి నాకు ఎనభై ఎనిమిది. పరవాలేదు, ఖాళీగానే ఉంటాను” అన్నారు.

అక్కడి రైతులు ఇటువంటి మార్పిడి నానారకాలుగా చేస్తారు. పాత ఫోర్డు ట్రాక్టరులో జపాను ఇంజను కూర్చోబెట్టినవారున్నారు. అందుకు పలకలూ కడ్డీలూ సొంతంగా చెక్కించుకోవాలి. ఆమిష్ మెకానిక్కు సలహా వేరు. ‘ఇంజను కొనవద్దు, ట్రాక్టరు కొనండి’ అన్నాడట. అంటే వెనకభాగం పాడైపోయిన డీజిలు 35 ఒకటి పూర్తిగా కొంటే, ఇంజనుతోబాటు దాని పరివారమంతా వస్తుంది. అటువంటిదే దొరికింది. ఏటవాలులో బోల్తాపడి వెనక పెంకు చీలిన బండి. లారీ మీద వచ్చి మా కంచె పక్కన దిగింది. ఇంజను నడుస్తూనే ఉన్నది. దాన్ని నడిపి చూసి, నూనె ఒత్తిడి చూసి, సిలిండర్లలో గాలి బిగువు కొలిచి మరీ కొన్నారు.

ఈ రెండు ఇంజన్ల స్వభావ భేదం సాటి భాషాభిమానుల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. పెట్రోలు ఇంజనులో గాలీ ఇంధనమూ ముందే కలిసి లోపలికి వస్తాయి, వాటికి నిప్పురవ్వ ముట్టిస్తారు. డీజిలులో రవ్వ లేదు. వచ్చేది వట్టి గాలి. దాన్ని పదహారో వంతుకు అదిమిపెడితే ఆ అదుముడుకే కాలిపోయేంత వేడెక్కుతుంది. అప్పుడు నాజిలు గుండా డీజిలు తుంపర పడగానే దానంతట అదే మండుతుంది. అంత ఒత్తిడిని ఓర్చుకోవాలి కనుక ఒళ్లు బరువు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను దేశీయుడి ఊహ ఇది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇటువంటి ఇంజను ఒకదాన్ని వేరుశెనగ నూనెతో నడిపి చూపించారు. రాయలసీమ వారు గర్వపడవచ్చు.

ఏప్రిల్ నెలలో పని మొదలైంది. కొట్టంలో నా ఉద్యోగం లైటు పట్టుకోవడం.

కారుకైతే కింద చట్రం ఉంటుంది, దాని మీద ఇంజను కూర్చుంటుంది. ఈ ట్రాక్టరుకు చట్రం లేదు. ఇంజనే వెన్నెముక. ముందర ఇరుసు మోసే దిమ్మె, దానికి బిగించి ఇంజను, దానికి బిగించి గేరుపెట్టె, దానికి బిగించి వెనక ఇరుసు. ఇంజను తియ్యడమంటే బండిని నడుముకు రెండుగా విడదీయడమే. విడదీసే ముందు ముందరి ఇరుసుకూ దిమ్మెకూ నడుమ ఇరువైపులా చెక్క మేకులు దిగగొట్టారు. ఎందుకంటే ఆ ఇరుసు నడిమధ్య ఒకే శీల మీద ఊగుతుంది. మేకులు లేకపోతే విడివడ్డ ముందుభాగం పక్కకు ఒరిగి మనిషిని నలిపేస్తుంది. గేరుపెట్టె కింద ఇనుప స్టాండ్లు. ఆ తరువాత బోల్టులు విప్పి, ముందుభాగాన్ని చక్రాల మీదనే మెల్లగా ముందుకు దొర్లించారు. గేరుపెట్టె నోరు తెరుచుకుని నిలబడింది.

మొదట కంచె పక్కనున్న దానికి ఇదే శస్త్రం చేశారు. దాని ఇంజను గొలుసులకు వేలాడుతూ కొట్టంలోకి వచ్చింది. వెనక మిగిలిన మొండెం మీద టార్పాలిను కప్పారు. వాన పడ్డప్పుడల్లా నా కిటికీలోంచి అది కనబడేది.

ఆ రోజుల్లోనే మా తమ్ముడి కొడుకు ఫోను చేశాడు. ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి. 1986లో వాడు మాస్సీ 1035 కొన్నాడు. నేను బదిలీల మీద ఊళ్లు తిరుగుతుంటే నా వాటా పొలం కూడా ఆ బండితో వాడే దున్నాడు. దుక్కి, దమ్ము, ధాన్యం తోలడం, తిరునాళ్లకు ట్రక్కు నిండా జనాన్ని ఎక్కించుకుపోవడం, అన్నిటికీ అదే. 2021 మే నెలలో వాడు పోయాడు. పొలం కౌలుకు పోయింది. బండి పాకలో ఉండిపోయింది. పిల్లవాడు విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ నెలకొకసారి వెళ్లి దుమ్ము దులిపి వస్తాడు.

“పెదనాన్నా, పక్క ఊరాయన ఒకరు వచ్చారు. మన బండి అక్కరలేదట. ఇంజనొక్కటే ఇమ్మంటున్నారు.”

ఆయన బండికి రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని బయటకు వచ్చిందట. అదీ మాస్సీయే గాని ఇంకా పాతది. ధర బాగానే చెబుతున్నాడట. “నాన్న ఉంటే ఏమనేవారో తెలియదు. మీరెలా చెబితే అలా” అన్నాడు. నాలుగు రోజులు ఆగమన్నాను. కిటికీలోంచి టార్పాలిను మొండెం వైపు చూస్తూ అన్నానని వాడికి చెప్పలేదు.

మార్పిడిలో రసవత్తరమైన ఘట్టం ఇక్కడినుంచే. ఒక ఇంజను తీసి మరొకటి పెట్టడమంటే బోల్టులు విప్పి బోల్టులు బిగించడమే అనుకుంటాము. పాణిని ఒక గొప్ప సంగతి చెప్పాడు. ఆదేశంగా వచ్చినది తాను తొలగించిన దానివలెనే ప్రవర్తించాలి. దాన్ని ఆశ్రయించుకుని జరిగే పనులన్నీ దీన్ని ఆశ్రయించి కూడా జరిగిపోవాలి. దీన్ని స్థానివద్భావం అంటారు. అయితే ఒక మినహాయింపు పెట్టాడు: ఆ పోయిన వర్ణానికే సొంతమైన లక్షణం మీద ఆధారపడ్డ పనుల్లో మాత్రం ఈ నియమం చెల్లదు. ఎన్నో ఏళ్ల కిందట పరీక్ష కోసం బట్టీపట్టిన ఈ సూత్రార్థం నాకు ఆ కొట్టంలో లైటు పట్టుకుని నిలబడ్డప్పుడు బోధపడింది.

గేరుపెట్టెకు కావలసింది తిరిగే కడ్డీ. ఆ తిప్పుడు పెట్రోలుదా డీజిలుదా అని అది అడగదు. నాగలిని ఎత్తే హైడ్రాలిక్ పంపు ఈ బండిలో ఇంజను మీద కాక వెనక పెంకులోనే ఉండి, పి.టి.ఓ. కడ్డీ బలంతో తిరుగుతుంది కనుక దానికీ మార్పు తెలియలేదు. ఇవి స్థానివత్. ఇంజనుకూ గేరుపెట్టెకూ నడుమ ఒక పలక రావలసి వచ్చింది. ఇది ఆగమం, రెండచ్చుల నడుమ యకారం వంటిది. డీజిలు ముందుభాగాన్ని మోసే దిమ్మె, ఫ్లైవీలు, క్లచ్చి, రేడియేటరు పట్టీలు కంచె పక్కనున్న దానినుంచే తెచ్చుకున్నారు.

పేచీ అంతా మినహాయింపులో వచ్చింది. పెట్రోలు ఇంజనుకు రవ్వ ఉన్నది గనుక తాళంచెవి తిప్పి రవ్వ ఆపితే ఇంజను ఆగిపోయేది. డీజిలుకు రవ్వే లేదు, తాళంచెవికి ఇక ఆపే అధికారం లేదు. పంపులోకి డీజిలు రాకుండా కట్టివేసే తీగె ఒకటి, దానికొక పిడి, కొత్తగా డాష్‌బోర్డులోకి రావాలి. పెట్రోలు టాంకుకు ఇంధనం బయటకు పోయే గొట్టమే ఉంటుంది. డీజిలులో నాజిళ్ల దగ్గర మిగిలిన ఇంధనం వెనక్కు రావాలి, టాంకుకు మరో నోరు చెయ్యాలి. టాంకులో పెట్రోలు చుక్క మిగలకుండా కడగాలి, ఎందుకంటే డీజిలు పంపుకు డీజిలే కందెన. పెట్రోలు కలిస్తే అది పలచబడి పంపు లోపల అరిగిపోతుంది. వేగం పట్టి ఉంచే గవర్నరు పెట్రోలు ఇంజనుకు విడిగా ఉండేది, దీనికి పంపులోనే ఉన్నది. కనుక స్టీరింగు పక్కనున్న రైజింగు లివరు కడ్డీ కొలత మారింది. పదహారో వంతుకు గాలినదిమే ఇంజనును తిప్పాలంటే పాత బాటరీ చాలదు, పెద్దది కావాలి, దాని తీగెలు లావుగా ఉండాలి. బరువు పెరిగింది గనుక ముందు టైర్లలో గాలి కూడా కొంచెం పెంచారు. ఒక్కటి మారితే దాని చుట్టుపక్కల ఎందరు కదలవలసి వచ్చిందో చూడండి. ఇంజను కూర్చోవడానికి ఒక పూట పట్టింది. ఈ చిల్లర పనులకు మూడు వారాలు.

కూర్చున్న ఆ పూట సంగతి. గేరుపెట్టె కడ్డీ పళ్లు క్లచ్చి ప్లేటు పళ్లలోకి దూరాలి. ఇంకా బెత్తెడు దూరం ఉండగా ఆగిపోయింది. నాలాంటివాడైతే బోల్టులు పెట్టి బిగించి దగ్గరకు లాగేవాడు. పొరుగాయనా అదే అన్నారు. మెకానిక్కు తల అడ్డంగా ఊపాడు. బోల్టులతో లాగితే పెంకు పగులుతుంది, లేదా క్లచ్చి ప్లేటు వంగుతుంది. పుల్లీ నట్టుకు పానా వేసి ఇంజనును గోరంత తిప్పాడు, భుజంతో నెట్టాడు, మళ్లీ గోరంత. పావుగంట ఎవరూ మాట్లాడలేదు. ఉన్నట్టుండి ‘టక్’మని మెత్తటి చప్పుడుతో బెత్తెడు దూరం దానంతట అదే మూసుకుపోయింది. ‘ఇప్పుడు బోల్టులు’ అన్నాడు. ఆ పూట అతను నోరు విప్పి అన్న మాట అదొక్కటే.

మే నెల రెండో వారంలో స్టార్టు చేశారు. ముందుగా గొట్టాల్లోని గాలి తియ్యాలి. మన పల్లెల్లో ‘ఎయిరు పట్టింది’ అంటామే, అది. ఫిల్టరు దగ్గర, పంపు దగ్గర, చివరికి నాజిళ్ల దగ్గర నట్లు వదులుచేసి బుడగలు పోయి ఒట్టి డీజిలు వచ్చేదాకా ఊరుకోలేదు. ఆ తరువాత మెకానిక్కు గాలి లోపలికి పోయే గొట్టం తీసి, అరచెయ్యంత చెక్కపలక నొకదాన్ని పట్టుకుని దాని పక్కన నిలబడ్డాడు. అదెందుకో మనవడు అడిగి చెప్పాడు. పంపు చెడి డీజిలు అదుపు తప్పినా, ఇంజను తన నూనెనే తాగడం మొదలుపెట్టినా, అది ఏ తీగెకూ లొంగదు, పగిలేదాకా పరుగెడుతుంది. అప్పుడు గాలి మూసి ఊపిరాడకుండా చెయ్యడమొక్కటే దారి. ఆ మాట విన్నాక మనవణ్ణి గుమ్మం అవతలికి పంపాను. నేను మాత్రం కదలలేదు.

సెల్ఫు రెండుసార్లు తిరిగింది. మూడోసారి తెల్లటి పొగ, ఒక దగ్గు, ఆ వెంటనే లయ. ఆ లయ! నాలుగు సిలిండర్లది చతురస్రం, తకధిమి తకధిమి అని సాఫీగా పోతుంది. మూడు సిలిండర్లది తిస్రం: తకిట, తకిట, తకిట. ఆ గతి విని ముప్ఫై అయిదేళ్లపాటు తెల్లవారుజామున నిద్ర లేచినవాళ్లున్న ఇల్లు మాది. చెక్కపలక పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. నేను లైటు ఆర్పి బయటకు వచ్చి నిలబడ్డాను. కొట్టంలో పొగ ఎక్కువగా ఉన్నదని మనవడితో అన్నాను.

పొరుగాయన పది నిమిషాలు విని, ఆపడానికి తాళంచెవి తిప్పారు. ఇంజను పట్టించుకోలేదు. ఆయన చెయ్యి తాళంచెవి మీదనే కొంతసేపు ఉండిపోయింది. ఎన్ని దశాబ్దాల అలవాటో గదా! పిడి లాగితే అప్పుడాగింది. “బండి మా నాన్నదే. గొంతు మాత్రం ఆయనెరిగింది కాదు” అన్నారు. విచారంగా అన్నారో, ఊరికే అన్నారో నాకు తెలియలేదు, మనవడి తర్జుమాలో ఆ తేడా రాలేదు.

పగిలిన పెట్రోలు ఇంజనును ఆయన అమ్మలేదు. కొట్టం మూల ఒక చెక్క దిమ్మె మీద పెట్టి గోనె కప్పారు. కంచె పక్క మొండేనికి మాత్రం అంత మర్యాద దక్కలేదు. చక్రాలు ఒకరు, ఎత్తుడు చేతులు ఒకరు కొనుక్కుపోయారు, మిగిలింది పాత ఇనుము కింద తూకానికి పోయింది. పోయే ముందు ఆయన దాని నంబరు రేకు విప్పి కొట్టం గోడకు మేకు కొట్టి తగిలించారు. ఎవరిదో ఏమిటో తెలియని బండి. ఆ రేకు చూశాక నాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది.

జూన్ మొదట్లో గడ్డి కోత. మెరక మీదికి ఎక్కేటప్పుడు తకిట కొంచెం బరువై, నెమ్మదించి, అయినా ఆగకుండా పైకి పోవడం కంచె దగ్గర నిలబడి చూశాను. అప్పటికి పిల్లవాడికి నేను చెప్పిన నాలుగు రోజులు అయిదారు వారాలైనాయి. ఆ సాయంత్రం, అంటే అక్కడ తెల్లవారాక, ఫోను చేశాను. తిరగని ఇంజను ఉన్నచోటనే చచ్చిపోతుందని, పిస్టన్లు తుప్పుతో లైనర్లను పట్టేస్తాయని మెకానిక్కు చెప్పి ఉన్నాడు. పక్క ఊరాయన పొలంలో అది తిరుగుతుందంటే కాదనడానికి నా దగ్గర వ్యాకరణం లేదు.

“ఇంజను ఇచ్చెయ్యి నాయనా” అన్నాను.

“నిజంగానేనా? మీరు వద్దంటారనుకున్నాను పెదనాన్నా.”

“ఇవ్వు. కాని ఒట్టి ఇంజను ఇవ్వకు. ఆయన బండి ఏ ఏటిదో తెలియదన్నావు గదా. ఫ్లైవీలు, క్లచ్చి, వెనక పలక, ముందు దిమ్మె, సెల్ఫు, డీజిలు పంపు, ఫిల్టరు, మూడు నాజిళ్లూ వాటి గొట్టాలూ, ఆపే తీగె, రైజింగు కడ్డీ. అన్నీ ఇవ్వు. సరిపోయినవి వాడుకుంటాడు, సరిపోనివి తిరిగి ఇస్తాడు.”

“వాటికి వేరే అడగమంటారా?”

“అడగవద్దు. ఇంకొకటి. రెండేళ్లు తిరగలేదు. సెల్ఫు కొట్టే ముందు నాజిళ్లు విప్పి ఆ చిల్లుల్లో కొంచెం ఇంజనాయిలు పోసి, ఒకరోజు ఉంచి, చేత్తో తిప్పి చూడమను. విడదీసేటప్పుడు ముందు ఇరుసుకు చెక్కమేకులు కొట్టమను. ఆ మాట మరచిపోకు.”

“రాసుకుంటున్నాను. మరి మిగతాది?”

“పాకలోనే ఉండనీ. వెనకభాగం కావలసినవాడు ఎప్పుడో ఒకడు వస్తాడు. ముందు దానికి ఒక రేకు కొట్టించి బిగించు, ఎలుకలు దూరకుండా.”

“రేకు ఎక్కడ పెదనాన్నా?”

“ఇంజను తీశాక గేరుపెట్టె నోరు తెరుచుకుని ఉంటుంది, చూడు. అక్కడ.”